గంటలో అయ్యే కన్ను

చుక్కల మందు వేసిన పావుగంటకే కాగితం మీది అక్షరాలు చెదిరిపోయాయి. ఇర్మెలా దాన్ని ముక్కు దాకా తెచ్చుకుని చూసింది, చెయ్యి చాచి దూరం పెట్టి చూసింది, చివరికి కిటికీ వైపు ఎత్తిపట్టి చూసింది. మూడు నిలువు గడులున్నాయన్నంత వరకే తెలుస్తోంది, వాటిలో ఏముందో తెలియడం లేదు. చదువుకోమని ఈ కాగితం చేతిలో పెట్టిందీ ఆ డాక్టరమ్మే, చదవలేకుండా కళ్ళలో మందు వేయించిందీ ఆ డాక్టరమ్మే. "కంటిపాపలు పూర్తిగా విచ్చుకోవడానికి గంట పడుతుందండీ. ఈలోగా మూడు రకాల కిరణాల చికిత్సనూ పోల్చి చూసుకోండి, మీకేది కావాలో అనుకోండి. నిర్ణయం పూర్తిగా మీదే," అని నవ్వుతూ చెప్పి లోపలికి వెళ్ళిపోయింది. ముప్పయ్యారేళ్ళు కూడా ఉండవు ఆ పిల్లకి. నిర్ణయం నాదైతే నువ్వెందుకమ్మా, నీ తెల్లకోటెందుకు, అని ఇర్మెలాకు నోటిదాకా వచ్చింది, మింగేసింది. వచ్చిన కోపాన్నల్లా మింగడం కంట్లో కణితి ఉందని తేలిన ఈ మూడు వారాల్లో ఆమెకు బాగా అలవాటైంది.

"అక్కా, ఇటియ్యి, నేను చదువుతా," అన్నాడు పక్క కుర్చీలోంచి తమ్ముడు ఎక్‌హార్ట్. ముప్పయ్యేళ్ళు బడిలో లెక్కలు చెప్పి నిరుడే దిగిపోయిన మనిషి, చెప్పడానికి పిల్లలు లేక చెయ్యి దురదపెడుతున్న మనిషి. కాగితం లాక్కుని గొంతు సవరించుకున్నాడు. "మొదటి గడి, రుథేనియం బిళ్ల. కణితి అదుపులో ఉండటం, నూటికి తొంభై పైనే. రెండో గడి, ప్రోటాన్ల కిరణాలు, బెర్లిన్‌లో. అదీ తొంభై పైనే. మూడోది, ఒకే రోజులో గురిచూసి ఇచ్చే కిరణాలు. అదీ ఇంచుమించు అంతే."

"మరి తేడా ఏముందిరా?"

"ఆగు, ఇంకా ఉంది. ప్రాణం విషయంలో మూడింటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు."

"తేడా లేనప్పుడు పోల్చడం దేనికి?"

"అందుకే నేను మార్కులు వేసుకొచ్చా," అంటూ సంచీలోంచి గళ్ళ నోటుపుస్తకం తీశాడు. నొప్పికి పది, ప్రయాణానికి పది, ఆసుపత్రిలో ఉండే రోజులకు పది, చివరికి ఆసుపత్రి తిండికి కూడా అయిదు మార్కులు పెట్టాడు మహానుభావుడు. బెర్లిన్‌లో తిండి ఎలా ఉంటుందో తెలియదు గనక అక్కడ ప్రశ్నార్థకం పెట్టానన్నాడు. ఇర్మెలాకు నవ్వొచ్చింది, వెంటనే చిర్రెత్తుకొచ్చింది. నా కన్నేమైనా నీ ఆరో తరగతి పరీక్ష పేపరా అని కసిరింది. వాడు చిన్నబుచ్చుకుని ఫ్లాస్కు మూత తిప్పి కాఫీ పోసుకున్నాడు, ఆమెకూ ఒక కప్పు పోసి చేతిలో పెట్టి, కప్పు ఎక్కడుందో ఆమె వేళ్ళకు తెలిసేదాకా పట్టుకునే ఉన్నాడు. వాడి తప్పేముంది. వాడికి తెలిసిన విద్య అది.

గంట. గంటలో ఆమె ఒక కన్ను చేస్తుంది. లౌషా ఊళ్ళో వాళ్ళింటి కింది గదిలో, గ్యాసు మంట ముందు, నాన్న కూర్చున్న బల్ల దగ్గరే ముప్పయ్యొక్క సంవత్సరాలుగా చేస్తోంది. అద్దాలకూ సీసాలకూ వాడే గాజు కాదు అది, పాలలో చిటికెడు బూడిద కలిపినట్టుండే తెల్లని గొట్టం, మంటలో పెట్టి తిప్పుతూ ఉంటే మెత్తబడి వాలిపోబోతుంది, వాలే లోపల మళ్ళీ తిప్పాలి, ఊదాలి, చిన్న బంతి వస్తుంది. ఎదుటి కుర్చీలో కన్ను పోయిన మనిషి కూర్చుని ఉంటాడు, మిగిలిన కన్నుతో. ఆ మిగిలిన కన్ను చూసుకుంటూ బంతి మీద రంగు వలయం వేయాలి. ఒక్క రంగు గాజుపుల్ల సరిపోదు. నీలం కళ్ళన్నవాళ్ళ కళ్ళలో నీలం ఎంతుంటుందో ఆమెకు తెలుసు, బూడిద, ఆకుపచ్చ, తేనె, తుప్పు, అన్నీ ఉంటాయి, నీలం అన్నది వాళ్ళమ్మలు ముద్దుకు చెప్పిన మాట. ఇప్పుడు ఈ కుర్చీలో కూర్చుని, ఏమీ కనబడకుండా, ఆమె వేళ్ళు ఒళ్ళో గొట్టం తిప్పుతున్నాయి. ఎక్‌హార్ట్ చూసి ఖాళీ కప్పు తీసి పక్కన పెట్టాడు.

పుల్ల వంకరైంది. అక్కడే మొదలైంది ఇదంతా, శరదృతువులో, ఆకులు రాలే రోజుల్లో. రక్తనాళాలు గీసే సన్నని ఎర్రపుల్ల మంటలో నిటారుగా పెడితే మధ్యలో చిన్న వంపు కనబడింది. మంట ఎక్కువైందనుకుని గ్యాసు తగ్గించింది. మర్నాడూ వంపే. గాజు బాగోలేదనుకుంది. ఇంకెవరైనా అయితే కళ్ళజోడు మార్చుకునేవారు, కళ్ళ డాక్టరు దగ్గరికి పోయేవారు, ఆమె మాత్రం గాజు కొలిమికి ఫోను చేసి అరిచింది, ఇవేం పుల్లలు, ఇవి గాజా ఉడికిన సేమియానా అని, పెట్టె పెట్టెంతా వెనక్కి పంపింది. వాళ్ళు పాపం కొత్త పెట్టె పంపారు. అందులోవీ వంకరే. రెండో పెట్టె కూడా వెనక్కి పంపి క్రిస్మస్ దాకా పాత నిల్వతో నెట్టుకొచ్చింది. మూడు నెలలు. రోజూ ఎదుటివాళ్ళ కళ్ళలోకి తొంగిచూసే మనిషి, తన కంట్లో ఒక నల్లటి గుబ్బ వెనకపొర కింద చూపు నరం పక్కన కూర్చుని పెరుగుతుంటే, గాజును తిట్టింది. బయటినుంచి కన్నంటే ఆమెకు తెలియనిది లేదు. లోపల ఏముందో ఏనాడూ అక్కర్లేకపోయింది, ఆమె చేసే కళ్ళు లోపల బోలు.

అదీ కుడికన్ను. అందుకే ఆమెకు ఒళ్ళంతా మండుతోంది. రోగం వచ్చేదేదో ఎడమ కంటికి రాకూడదూ. ఎడమది పుట్టుకనుంచీ సోమరి కన్ను, పక్క నుంచి ఎవరొస్తున్నారో చెబుతుంది, అంతకుమించి పనిచేయదు. అయిదేళ్ళప్పుడు డాక్టరు కుడి కంటద్దం మీద గులాబీ రంగు పట్టీ అంటించి, మంచి కన్ను మూసేస్తేనే సోమరిది పని నేర్చుకుంటుందన్నాడు, రోజుకు నాలుగు గంటలు. అమ్మ అంటించి బాలబడికి పంపేది. ఇర్మెలా మలుపు తిరగ్గానే కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకునేది, సాయంత్రం ఇంటి మెట్ల దగ్గర మళ్ళీ పెట్టుకునేది. నాన్న మంట నీలంగా ఉండేది, దాని లోపల ఇంకో సన్నని నీలం ఉండేది, పట్టీ వేసుకుంటే అది కనబడేది కాదు. ఎవరు ఊరుకుంటారు చెప్పండి అయిదేళ్ళ వయసులో. ఆ నాలుగు గంటలూ ఇప్పుడెవరైనా తిరిగిస్తే ఎనిమిది గంటలు కూర్చుంటుంది, నోరెత్తకుండా.

"బిళ్ల సంగతి ఇంకోసారి చెప్పనా?" అన్నాడు ఎక్‌హార్ట్. చెప్పక్కర్లేదు. బిళ్ల సంగతి ఆమెకు కంఠతా వచ్చు. వెండి బిళ్ల, బటనంత, లోపలివైపు గుంటగా, అచ్చం ఆమె చేసే గాజు చిప్పలా. దాని కడుపులో కిరణాలు చిమ్మే రుథేనియం. మత్తిచ్చి కనుగుడ్డు పక్కకు తిప్పి, కణితికి సరిగ్గా వెనక కుట్టేస్తారు. నాలుగైదు రోజులు అలాగే ఉంచుకుని ఒంటరి గదిలో పడుకోవాలి, తర్వాత తీసేస్తారు. ఈ దేశంలో ఎప్పటినుంచో చేస్తున్న పనే, చేయి తిరిగినవాళ్ళున్నారు. అయితే ఆమె కణితి నరం మొదట్లో ఉంది. చెర్రీ పండుకు తొడిమ ఉన్నచోట బిళ్ల అతికించమంటే ఎలా అతుకుతుంది, తొడిమ అడ్డం రాదూ. చిప్ప సరిగా కూర్చోకపోతే ఏమవుతుందో ఆమెకు ఇంకొకరు చెప్పాలా. వెంట్రుకవాసి ఎత్తుగా ఉన్నా మనిషి రాత్రంతా రాయి మీద పడుకున్నట్టు ఉందంటాడు. నరానికి చోటిచ్చేలా అంచున గాడి కోసిన బిళ్లలు కూడా ఉన్నాయట. ఉన్నాయట అంటే ఉన్నాయట. ప్రతి మాటకీ ఒక 'అయితే', ప్రతి 'అయితే'కీ ఒక 'సాధారణంగా'.

మూడోది ఎక్‌హార్ట్‌కు నచ్చింది, ఒక్కరోజులో తెమిలిపోతుందని. తలను చట్రంలో బిగించి నలుమూలలనుంచి సన్నసన్న కిరణాలన్నీ ఒకేచోటికి పంపిస్తారు. బస్సెక్కి వెళ్ళి బస్సెక్కి రావచ్చు. వాడు దానికి ప్రయాణంలో పదికి పది వేశాడు. మీ సందర్భంలో అది మా మొదటి ఎంపిక కాదండీ, అంది డాక్టరమ్మ. మొదటి ఎంపిక ఏదమ్మా మరి అంటే, అది మీ ఇష్టాన్ని బట్టి ఉంటుందండీ అంది. గోడకు చెప్పుకున్నా గోడ ఇంతకంటే నయం, నిర్ణయం మీదే అనదు. తన దగ్గరికొచ్చినవాళ్ళు, అమ్మా నా కన్ను ఏ రంగు, గోధుమా తేనా అని అడిగితే ఆమె ఏనాడైనా మీ ఇష్టం అందా? కూర్చోండి, చూసి చెబుతాను అంటుంది. చూసి చెబుతుంది. తప్పయితే పగలగొట్టి మళ్ళీ చేస్తుంది. వీళ్ళకు పగలగొట్టి మళ్ళీ చేసే వీల్లేదు, నిజమే, అందుకని నోరు కట్టేసుకుంటారా.

ఇంతకూ ఆమెను కాల్చుకు తింటున్నది ఆ ఒక్క మాట. కన్ను నిలుస్తుంది. డాక్టరమ్మ చెప్పింది, నర్సు చెప్పింది, కాగితంలోనూ ఉంది, ఇప్పుడు ఎక్‌హార్ట్ కూడా వేలుపెట్టి చదువుతున్నాడు, "కన్ను నిలుపుకోగలగడం, బిళ్లతో నూటికి ఇంత, ప్రోటాన్లతో నూటికి ఇంత." ఎంత సంబరంగా చదువుతున్నాడో. నిలుస్తుంది. నిలిచి ఏం చేస్తుంది? చూస్తుందా? అడిగితే నీళ్ళు నమిలారు. చూపు గురించి ముందుగా చెప్పడం కష్టమట, ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుందట. కిరణాలు కణితిని కాల్చాక పక్కనున్న నరమూ నెమ్మదిగా ఎండుతుందట, ఏళ్ళు పట్టవచ్చట, పట్టకపోనూవచ్చట. చూడని కన్ను ముఖంలో ఉండటానికి వీళ్ళింత యంత్రం, ఇంత రుథేనియం, ఇంత బెర్లిన్ దేనికి? చూడని కన్ను ఆమె గంటలో చేస్తుంది. రంగుతో సహా, నాళాలతో సహా, తడి మెరుపుతో సహా. మూడువేల దాకా చేసింది. మాటిల్డా అని నాలుగేళ్ళ పిల్ల ఉంది, ఆరునెలలకోసారి ముఖం పెరిగి కన్ను చిన్నదైపోతుంది, వచ్చి కుర్చీ ఎక్కి, ఈసారి కొంచెం పెద్దది కావాలి ఇర్మెలా ఆంటీ, నేను పెద్దదాన్నయ్యాను అంటుంది. మే నెలలో మళ్ళీ రావాలి. ఆ పిల్ల కన్ను ఏ కన్నుతో చూసి చేయాలి, ఈ సోమరి ఎడమదానితోనా? అది ఏ గడిలో రాశారు? ఎన్ని మార్కులురా దానికి?

"ఏంటక్కా?" అన్నాడు ఎక్‌హార్ట్. పైకే అనేసినట్టుంది. ఎదురు కుర్చీల్లోంచి ఎవరో పత్రిక మడిచిన చప్పుడైంది. ఏం లేదులే, ఎంతసేపైంది అని అడిగింది. ముప్పావుగంట అన్నాడు. ముప్పావుగంటకు రంగు వలయం అయిపోతుంది, మధ్యలో నల్లచుక్క పెడుతుంది, దానిమీద స్వచ్ఛమైన గాజు పొర పోస్తుంది, అప్పుడే కన్ను మొదటిసారి తిరిగి చూసినట్టుంటుంది. కిటికీలోంచి మార్చి నెల తెల్లని వెలుగు కుండపోతగా లోపలికొస్తోంది, ఆపుదామంటే కంటిపాప మాట వినడం లేదు. ఎంత విచ్చుకుందో. హుబెర్ట్ కంటిపాపంత అయ్యుంటుంది.

హుబెర్ట్! ఎన్నాళ్ళకు గుర్తొచ్చాడు. అడవిశాఖలో చెట్లు కొట్టే మనిషి, కొమ్మ తగిలి కన్ను పోయింది. ఆమె పనిలో దిగిన మొదటి సంవత్సరం. నాన్న జ్వరంతో పైన పడుకుంటే, నేను చేస్తానని కూర్చుంది. అతను పట్నంలో కంటి ఆసుపత్రికి వెళ్ళి, పనిలో పనిగా బస్సు దిగి నేరుగా వాళ్ళింటికే వచ్చాడు. మిగిలిన కన్నులో చుక్కలు వేసి పంపారని అతను చెప్పలేదు, చెప్పాలని అతనికి తెలియదు, అడగాలని ఆమెకు తెలియదు. ఎదురుగా ఉన్న కన్నును ఉన్నదున్నట్టు చేసింది. నల్లచుక్క ఇంత పెద్దది. ఎంత బాగా కుదిరిందో అప్పటికి, రెండు కళ్ళూ కవలపిల్లల్లా. మర్నాడు మధ్యాహ్నానికి మందు దిగింది, సొంత కన్ను తనంతకు తాను ముడుచుకుంది, గాజుది విచ్చుకునే ఉంది. మూడోరోజు వాళ్ళావిడ అతన్ని రెక్క పట్టుకుని లాక్కొచ్చింది. "ఏమ్మా, మా ఆయన ఒక కన్ను నన్ను మామూలుగానే చూస్తోంది, రెండోది నన్ను చూసి దడుచుకున్నట్టుంది. పెళ్ళయి పద్దెనిమిదేళ్ళు, ఇప్పుడు దడుచుకోవడమేంటి?" నాన్న పైనుంచి దుప్పటి కప్పుకుని దిగొచ్చి, గాజుకన్ను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. తిట్టలేదు. "పని చక్కగా ఉందే అమ్మాయ్. మనిషిని చూసి చేయలేదు, ఆ గంటను చూసి చేశావు. చుక్కలు వేసుకొచ్చినవాడికి కాఫీ ఇచ్చి పంపెయ్. రేపు రమ్మను." అప్పటినుంచీ లోపలికొచ్చినవాళ్ళను ఆమె అడిగే మొదటి మాట, ఇవాళ కంట్లో ఏమైనా మందు వేశారా అన్నదే.

మరి ఇవాళ తనను ఎవరడిగారు? విచ్చుకున్న కంటిపాపలతో, చదవలేని కాగితంతో, ఎండలో నిలబెట్టిన గుడ్లగూబలా కూర్చోబెట్టి, గంటలో తేల్చుకోమన్నారు.

బెర్లిన్ సంగతి కూడా ఆలోచించాలి, దాన్ని మాత్రం ఎందుకో తప్పించుకు తిరుగుతోంది. అక్కడ ముందు కనుగుడ్డు మీద నాలుగు చిన్నచిన్న లోహపు చుక్కలు కుడతారు, గురి తప్పకుండా. తర్వాత ముఖానికి తొడుగు, పళ్ళమధ్య అచ్చు. వరసగా నాలుగు రోజులు, రోజుకు నిమిషం లోపే. ప్రోటాన్లు చెప్పినచోటికి పోయి అక్కడే ఆగిపోతాయట, అవతలికి పోవట, అందుకే నరం పక్కనున్న కణితికి వాటినే ఎక్కువ వాడతారట. ముందువైపు మాత్రం చురక తప్పదు, రెప్పలు ఊడవచ్చు, కన్ను పొడిబారవచ్చు. కానీ ఆ నిమిషం కనుగుడ్డును పట్టుకునే చట్రమేదీ లేదట. చీకటి గదిలో ఒక చిన్న ఎర్రదీపం వెలుగుతుంది, దాన్నే చూస్తూ ఉండాలట, కన్ను కదిపితే యంత్రం ఆపేస్తారు. అది వినగానే నాన్న మేకు గుర్తొచ్చింది. ఆమె కుర్చీ వెనక గోడకు, కూర్చున్నవాళ్ళ కంటి ఎత్తున నాన్న కొట్టిన మేకు. దాన్నే చూడండి, అటూ ఇటూ చూడకండి అనేవాడు. ఆమె కూడా అదే అంటుంది. మాటిల్డా దానికి హలో మేకూ అని చెప్పి మరీ చూస్తుంది. వచ్చినవాళ్ళంతా ఆ మేకును చూశారు. దానికి వీపు పెట్టి కూర్చునే ఇర్మెలా ఒక్కతే ఎప్పుడూ చూడలేదు. బిళ్లయితే మత్తులో పడేసి వాళ్ళే కుడతారు, వాళ్ళే తీస్తారు, తను దుంగలా పడుకోవాలి. ఇందులో తన కన్నుకు చేయడానికి ఒక పనైనా ఉంది.

తలుపు తెరుచుకుంది. డాక్టరమ్మ తెల్లకోటు కనబడింది, ముఖం కనబడలేదు. డాక్టర్ ఫెల్డ్‌కాంప్ తనే వచ్చి ఎదురుగా కూర్చుంది. "అనుకున్నారా ఏదైనా? కాగితం చదివారా?"

"మీరు మందేశాక ఎలా చదువుతానమ్మా?"

"అయ్యో," అంది ఆ అమ్మాయి, నిజంగానే. "క్షమించండి. నాకు తట్టనే లేదు."

ఆ 'అయ్యో'తో ఇర్మెలా కోపం సగం దిగింది. మూడు వారాలుగా తను తప్పు ప్రశ్నకు జవాబులు వింటోందని తట్టింది. "ఒక్కటడుగుతాను, సాధారణంగా, ఒక్కొక్కరికి ఒక్కోలా, అనకండి. నాకు కన్ను గురించి చెప్పొద్దు. కన్నులు చేయడం నా వృత్తి. చూపు గురించి చెప్పండి. ఏది ఎక్కువ రోజులు ఉంచుతుంది?"

ఎక్‌హార్ట్ నోటుపుస్తకం మూశాడు.

"ఏదీ చివరిదాకా ఉంచదండీ," అంది డాక్టరమ్మ మెల్లగా. "కణితి ఉన్న చోటు అలాంటిది. ఆ కంటి చూపు పోతుంది. ఎప్పుడన్నదే తేడా. బిళ్ల నరానికి ఆనుకునే ఉంటుంది గనక ముందే పోవచ్చు. ప్రోటాన్లతో ఏడాది, రెండేళ్ళు, అదృష్టముంటే మూడేళ్ళు. రాసివ్వలేను."

రెండేళ్ళు. ఏడుపొస్తుందనుకుంది, రాలేదు, రెండేళ్ళంటే మాటిల్డాకు నాలుగు కళ్ళు అని లెక్క వచ్చింది. మూడు వారాల్లో మొదటిసారి ఎవరో ఒక కొలత చెప్పారు. "బెర్లిన్," అంది.

"నా మార్కుల్లో కూడా అదే ఫస్టు!" అన్నాడు ఎక్‌హార్ట్. "బిళ్ల కంటే రెండు ఎక్కువ."

"నోర్ముయ్‌రా."

"అయితే లోహపు చుక్కలు కుట్టే ఆపరేషనుకు సోమవారమే తేదీ ఇప్పిస్తాను," అంది డాక్టరమ్మ లేవబోతూ. "ఆలస్యం మంచిది కాదు."

"సోమవారం సరే. ఈ మందు ఎప్పటికి దిగుతుంది?"

"రేపు పొద్దుటికి మామూలైపోతుందండీ. ఎందుకు?"

"రేపు పొద్దున పనుంది. మీరు కుట్లు వేయకముందే, రంగు మారకముందే, అద్దం పెట్టుకుని నా కుడికన్ను చేసుకోవాలి."

"ఏం మాటలక్కా అవి," అన్నాడు ఎక్‌హార్ట్. "డాక్టరు కన్ను నిలుస్తుందంటుంటే! ఒకవేళ తీసేయాల్సొస్తే అప్పుడే చేసుకోవచ్చు కదా, తొందరేముంది?"

ఇర్మెలా చేతులు ఒళ్ళో ఇంకా లేని గొట్టాన్ని తిప్పుతూనే ఉన్నాయి. గంట అయిపోయింది, చేసిన కన్ను చల్లారపెట్టే వేళ.

"అప్పుడు చేయడానికి నాకు కన్నుండదు కదరా," అంది.